చదును తెర

పురసవాక్కం చీరల కొట్టులో సేల్స్‌మన్ వరదరాజులు ఇంటికి పోయే దోవలో టీవీల షాపు ముందు ఆగకుండా పోయేవాడు కాదు. లోపలికెళ్ళి, పట్టుచీర నేత చూసినట్టే ఒక్కో తెరనీ అరచేత్తో నిమిరి, ఏదీ కొనకుండా వచ్చేసేవాడు. "కలర్ టీవీ ఎప్పుడు కొంటారండీ?" అని భార్య అలివేలు అడిగితే, "ఈ ఉబ్బు తెర మనకెందుకు? చదును తెరది వస్తా ఉందంట, ఉండు" అనేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. ఇంట్లోని పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలో వార్తలు చదివే ఆమె కనబడగానే అలివేలు, "ఏం కలర్ చీర కట్టుకోని ఉందండీ?" అనేది. ఆ బూడిద రంగులోకి కళ్ళు చికిలించి, "నెమలికంఠం, వంగపండు అంచు" అంటూ నోటికొచ్చింది చెప్పేవాడు. అలివేలు పకపకా నవ్వేది.

చదును తెర టీవీ బజారులోకి వచ్చేనాటికి నీటికాసులు ముదిరి అలివేలు చూపు పోయింది. అయినా కొన్నాడు. మొదటి సాయంత్రం వార్తలు మొదలవగానే, చదివే ఆమె గొంతు వైపు తల తిప్పి, "ఏం కలరండీ?" అంది అలివేలు. తెర మీద పసుప్పచ్చ చీర నిగనిగలాడుతోంది. వరదరాజులు, "మామిడిపండు రంగు. చిలకపచ్చ అంచు" అన్నాడు.

అలివేలు ఎప్పటిలాగే నవ్వింది. "టీవీ మారింది గానీ మీరు మారలేదు. ఇప్పుడూ ఊరికే చెప్తా ఉండారు!"