లాగిందే లెక్క

ఎద్దుని కొనేముందు బండ కట్టి లాగించి చూడటం మా నూజివీడు వైపు అలవాటు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో, మామిడికాయలు తోలడానికి పికప్ వ్యాను బేరమాడిన మా పెదనాన్న దానికీ అదే పరీక్ష పెట్టాడు.

"తొంభై గుర్రాల బలమండీ!" అన్నాడు ఏజెంటు.

పెదనాన్న బండ కట్టించి, తోట వెనక మిట్ట ఎక్కించమన్నాడు. సగంలో ఇంజన్ ఆగిపోయింది.

"ఆ లెక్క ఫ్యానూ, డైనమో విప్పేసి ఉత్త ఇంజన్‌కి కట్టిందండీ," అని నసిగాడు ఏజెంటు.

"కాడి ఎత్తుకోని ఎద్దు బలం నాకెందుకండీ? లాగిందే లెక్క."

వ్యాను కొన్నాడు గానీ, మిట్ట ఎక్కగలిగినంత బరువే వేసేవాడు.

ముసలితనంలో, ఇంటికొచ్చిన డాక్టరు ఆయన్ని మంచం మీద పడుకోబెట్టే పరీక్షించి, "గుండె గట్టిగా ఉందండీ," అన్నాడు. పెదనాన్న లేచి, చెప్పులేసుకుని మిట్ట దారి పట్టాడు. వ్యాను ఆగిన చోటే ఆగాడు. ఊపిరి తీసుకుని పైదాకా ఎక్కి, అక్కణ్ణుంచి కేకేశాడు.

"ఇప్పుడు చెప్పండి డాక్టరుగారూ!"