ఏడు చుట్ల మట్టిమనిషి

మొన్న దసరా సెలవులకు మా మనవరాలు ఒక లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని వనపర్తికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ అన్నం దగ్గరా అదే, మంచం మీదా అదే. యూదుల జానపద కథల్లోంచి అల్లిన పిల్లల సాహస కథ అట. ఎక్కడో మంచు కురిసే పాత ఊరు. ఆ ఊరి పిల్లలిద్దరు నది ఒడ్డు మట్టితో ఒక మనిషిని చేసి లేపుతారు. వాడి భుజాలెక్కి, దయ్యాలు కాపలా కాసే కోటలోంచి తమ తాతను విడిపించుకొస్తారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటున్నాను. "అమ్మమ్మా, ఊకె మట్టితోని చేస్తె లేవడు తెల్సా? సుట్టూత ఏడుసార్లు తిరిగి నోట్ల చీటీ పెట్టాలె," అంది. "చీటీ మీద దేవుని పేరు రాసి," అన్నాను. పిల్ల పుస్తకం మూసి నా వంక చూసింది. "నీకెట్ల తెల్సు? ఇది చదివినవా?" చదవలేదు. చేశాను.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. ఉద్యోగంలో చేరకముందు నుంచే రోజూ డైరీ రాసే అలవాటు. ట్రంకు పెట్టెలో వరుసగా, వెన్ను మీద సంవత్సరం అంటించి ఉంటాయి. వాన ఎప్పుడు పడింది, ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చింది, ఎవరింట్లో ఏం కూర తిన్నాను, అన్నీ ఉంటాయి. "నేనెన్ని దోసెలు తిన్ననో గూడ రాస్తవా?" అని మనవరాలు ఎగతాళి చేస్తుంది. రాస్తాను. కాని మట్టిమనిషి సంగతి మాత్రం ఏ డైరీలోనూ లేదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. నిజానికి ఈ డైరీలన్నీ ఆ రోజు నుంచే పుట్టాయి.

మాది ఆత్మకూరు పక్కన ఒక పల్లె. మా వాడలో చిన్న చర్చి ఉండేది, అందులో పిల్లలకు చదువు చెప్పే ఒక టీచరమ్మ. చిన్నప్పుడు ఆమె మిషను దవాఖానాలో ఒక తెల్లదొరసాని దగ్గర పెరిగింది. దొరసాని చెప్పిన కథలన్నీ ఆమె నోటికి వచ్చు. ఒక సాయంత్రం మట్టిమనిషి కథ ఎత్తుకుంది. ఎత్తుకోకముందే, "ఇది బైబిల్ల లేదు, యూదుల పెద్దలు చెప్పుకునేది," అని తేల్చేసింది. ఆ విషయంలో ఆమె చాలా ఖచ్చితం. మట్టిమనిషి మాట్లాడడు, తినడు, అలసిపోడు, చెప్పిన పని చేస్తాడు. ఆ దేశపు పిల్లలకు వాడు ఊరికి కాపలాదారు. మా వాడ పిల్లలం మాత్రం ఒక్కటే అడిగాం: "మట్టి మోస్తడా టీచరమ్మా?" మా పెద్దలందరిదీ అదే పని మరి. ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా మేస్త్రీ లారీ తెచ్చి మావాళ్లను ఎక్కించుకుని పోయేవాడు. టీచరమ్మ కాసేపు చీరకొంగు మడతలు సరిచేసుకుంది. "మోస్తడు," అంది.

నాయిన ఏటా దీపావళి దాటాక పోయేవాడు. మేం అలవాటు పడ్డాం. ఆ ఏడు మేస్త్రీ జోడీలకే పని అన్నాడు. మగాయన తవ్వాలి, ఆడామె తట్ట మోయాలి. అంటే అమ్మ కూడా పోవాలి. నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ పక్కన తప్ప పడుకున్న రాత్రి లేదు. మా అన్న నాకంటే అయిదేళ్లు పెద్ద. "ఏడ్వకు పిల్లా, మనం మట్టిమనిషిని చేద్దాం. అమ్మకు బదులు వాడు పోతడు," అన్నాడు. నేను పరుగెత్తుకుని పోయి అమ్మకు చెప్పాను. నా తలకు నూనె పెడుతూ, "వాడు లేస్తె నేనెందుకు పోత బిడ్డా? ఇంట్ల కాళ్లు సాపుకొని కూసుంట," అంది అమ్మ. నాయనమ్మ మూలన వక్క నములుతూ, "వానికైతె రొట్టె చేసే పని గూడ లేదు," అంది. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

తెల్లవారుతుండగానే అన్న నన్ను లేపాడు. ఎండెక్కితే మట్టి పగులుతుందని తొందరపెట్టాడు. అమ్మ పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది, ఒకటి రెండు కాదు, గంపెడు. అన్ని రొట్టెలు ఎందుకని అడగాలనిపించలేదు నాకు. వాగులో ఎండ్రకాయల బొక్కల పక్కన మెత్తటి ఒండ్రు ఉంటుంది. అన్న కాళ్లతో తొక్కాడు, నేను చేతులతో తోడాను. బురద వాసన, మోచేతుల దాకా చల్లదనం, ఆరినచోట చర్మం బిగుసుకుపోవడం నాకు ఇప్పటికీ తెలుస్తాయి. మా ఇద్దరినీ కలిపినంత పొడుగు మనిషి తయారయ్యాడు. కళ్లకు సీతాఫలం గింజలు పెట్టాం. తట్ట మోయాలి కదా అని తల కొంచెం చదునుగా చేయించాను. నాయిన బీడీకట్ట మీది కాగితం వెనుక అన్న పెన్సిలు ముక్కతో ఏదో రాసి, మడిచి నాకిచ్చాడు. దేవుని పేరు అన్నాడు. ఏడు చుట్లూ నేనే తిరగాలి, మధ్యలో ఆగకూడదు, ఊరి దిక్కు చూడకూడదు అన్నాడు.

నేను గుప్పిట్లో ఏడు సీతాఫలం గింజలు పట్టుకుని, చుట్టుకొకటి వేస్తూ తిరిగాను. ఆరో గింజ పడగానే అన్న, "తప్పినవ్ పిల్లా, అయిదే అయినయ్. మళ్ల మొదటిసంది," అన్నాడు.

"గింజలు సూడు, ఆరున్నయ్!"

"ఒకపారి రెండేసినవ్. నేను సూసిన. తప్పు లెక్కకు దేవుడు రాడు."

మళ్లీ తిరిగాను. మళ్లీ ఆరు దగ్గర తప్పాను అన్నాడు. మూడోసారి తిరుగుతున్నప్పుడు ఊరి వైపు నుంచి లారీ హారను వినబడింది. వెంటనే అన్న చప్పట్లు కొడుతూ, గంతులేస్తూ నా లెక్క తాను అందుకున్నాడు. "మూడూ! నాలుగూ!" వాగు మారుమోగింది. వాడికి సంతోషం పట్టలేక అరుస్తున్నాడు అనుకున్నాను. ఆసారి నన్ను ఏడు దాకా పోనిచ్చాడు. చీటీ మట్టిమనిషి నోట్లో పెట్టాను. వాడు లేవలేదు. "ఎండకు ఆరితె లేస్తడు, ఇంటికి పోదాం పా," అన్నాడు అన్న, మరో దిక్కు చూస్తూ.

మా వాడ మొదట్లోనే పక్కింటి పెద్దమ్మ ఎదురైంది. నా బురద చేతులు చూసి, "ఏం బిడ్డా, అన్న మంచిగ ఆడిపిచ్చిండా?" అని నా తల నిమిరింది. ఆ మాటకు అర్థం ఇంట్లో అడుగు పెట్టాక గాని తెలియలేదు. గోడ కొయ్యకు అమ్మ తట్ట లేదు. నాయనమ్మ రొట్టె నా ముందు పెట్టి, "మీ అమ్మ పోయింది. మొఖం కడుక్కొని తిను," అంది. వాడంతా తెలుసు. టీచరమ్మకు తెలుసు. వాగులో గంతులేసినవాడికి తెలుసు. తెలియనిది నాకూ, నేను చేసిన మట్టిమనిషికీ.

నేను ఒక్కదాన్నే వాగుకు పరుగెత్తి వాడి తల కాలితో తొక్కాను. చీటీ తీసుకుని అగ్గిపెట్టెలో దాచాను. ఆ సాయంత్రం పొయ్యిలోని బొగ్గుతో గోడ మీద ఒక గీత గీశాను. రోజుకొకటి గీశాను. ఇక ఎవరూ నా లెక్క తప్పని చెప్పలేరు. అదే నా మొదటి డైరీ. గీతలు నా చేయి అందినంత ఎత్తుకు పోయి మళ్లీ కిందికి దిగాక అమ్మ వచ్చింది. తట్ట మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. మూడు రోజులు నేను ఆమెను అమ్మా అని పిలవలేదు. "నువ్వు ఏడ్చినవంటె నాకు లారీ ఎక్కనీకె కాళ్లు రాకపోతుండె బిడ్డా," అంది. నాలుగో రోజు పిలిచాను. అన్నతో మాత్రం అలా కుదరలేదు. మరుసటేడు నేను బడిలో చేరి, అక్షరాలు నేర్చుకుని ఎనిమిదో ఏట చీటీ విప్పేసరికి వాడూ లారీ ఎక్కి పోయాడు. తిరిగొచ్చినప్పుడు మూతి మీద నూగు మీసం ఉంది, అడగాలంటే బిడియం వేసింది. తర్వాత అడగనే లేదు.

ఇదంతా విన్న మనవరాలు ఆగుతుందా? గద్వాలలో కొడుకింట్లో ఉంటున్న మా అన్నకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది. "తాతా, మట్టిమనిషిని చేసినవంట గద?"

"మట్టా? బతుకంత మట్టి పనే చేస్తి. ఏ మట్టని యాది పెట్టుకోవాలె బిడ్డా? నాకేం యాదికి లేదు."

"మరి చీటీ మీద ఏం రాసినవ్?"

"దేవుని పేరు."

"యాదికి లేదంటివి!"

"మీ అమ్మమ్మ ఆడనే ఉందా?" అని అడిగాడు. ఉంది, వింటుంది అని పిల్ల చెప్పింది. "జర పొలంల పనుంది, పెడుతున్న," అని పెట్టేశాడు. మోకాళ్లు పనిచేయక మంచం దిగని మనిషికి పొలంలో పనేముంటుందో.

మనవరాలు ఊరుకోలేదు. ట్రంకు తెరిచి, అడుగున ఉన్న డైరీలోంచి బీడీకట్ట కాగితం తీసి చేతికిచ్చాను. పెన్సిలు గీతలు వెలిసిపోయాయి గాని అక్షరాలు తెలుస్తాయి. పిల్ల కూడబలుక్కుని చదివింది: "మా అమ్మకు బదులు నువ్వు పో." తలెత్తి, "ఇది దేవుని పేరు కాదు గద అమ్మమ్మా?" అంది. కాదు అన్నాను. నన్ను మోసం చేయమని ఇంట్లోవాళ్లు పంపిన పదకొండేళ్లవాడు చీటీ మీద ఈ మాట ఎందుకు రాశాడో ఎనిమిదేళ్ల వయసు నుంచీ నాకు తెలుసు. వాడిని అడిగితే కోపం పెట్టుకోవడానికి ఎవరూ మిగలరని అడగలేదు.

నిన్న డైరీలో తేదీ వేసి, ఆ రోజు లెక్క నేను తప్పలేదు అని రాశాను. అన్నను క్షమించాను అని కూడా రాయబోయి పెన్ను మూసేశాను. కాలమూ మా అన్న లాంటిదే. ఆరో చుట్టు దాకా తిరగనిస్తుంది, కోపం పోవడానికి ఇంకొక్కటే కదా అనుకునేసరికి తప్పినవ్ పిల్లా, మళ్ల మొదటిసంది అంటుంది.