స్కాలర్‌షిప్ వాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు

ఇంటర్ అయ్యాక నాకు బీఎస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది. ఫీజు సర్కారు కడుతుందన్నారు గానీ హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం మా మీదే. అప్పటికి బాపు ఆటో అమ్మేసి ఏడాది దాటింది. ఇబ్రహీంపట్నం నుంచి యాచారం దాకా రోజూ తిరిగిన మనిషి, షుగర్ వల్ల అరికాలికి పుండు పడి మంచం దిగలేకపోయాడు. అమ్మ షేర్ ఆటోలో తుర్కయాంజాల్ వెళ్ళి అపార్ట్‌మెంట్లలో ఇళ్ళు ఊడ్చి, అంట్లు తోమి వచ్చేది.

లేనింటి ఆడపిల్లలు నర్సింగ్ చదివితే స్కాలర్‌షిప్ ఇచ్చే ట్రస్టు ఒకటుందని మా బయాలజీ మేడం చెప్పింది. దరఖాస్తు పెట్టాను. ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తామని ఫోను చేశారు.

శనివారం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడలకు సున్నం వేస్తోంది. మాది రేకుల కింద ఒకటే గది. పెచ్చులూడిన చోటల్లా సిమెంటు పూసింది. పక్కింటి అక్కనడిగి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పూల దుప్పటి కూడా తెచ్చిపెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. "గిదేం పనే అమ్మా? మనకు లేదని వాళ్ళకు కనబడాలె. గిట్ల జేస్తే స్కాలర్‌షిప్ ఇస్తరా?"

అమ్మ చేతిలో కుంచె ఆగలేదు. "లేనోళ్ళమే. గలీజోళ్ళం గాదు. మంది ఇండ్లు ఊడ్సెటిదాన్ని, నా ఇల్లు గట్లనే ఉంచాల్నా?"

బాపు వైపు చూశాను. "నన్ను జూడకు బిడ్డా. మీ అమ్మతోని నేనెన్నడన్న గెలిసిన్నా?" అన్నాడు.

మర్నాడు ఇద్దరు వచ్చారు. ఒకాయన ఫారం పట్టుకున్న సారు. ఇంకొకరు రిటైరైన నర్సమ్మ. సారు గదంతా కలియజూసి, "ఇల్లు మంచిగనే ఉంది గదా," అంటూ ఏదో రాసుకున్నాడు. కుర్చీలు మావి కావని చెబుదామనుకున్నాను. అమ్మ ముఖం చూసి మింగేశాను.

"నర్సింగే ఎందుకు?" నర్సమ్మ అడిగింది.

సేవ గురించి నోటుబుక్కులో రాసి బట్టీ పట్టిన జవాబులో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. "మా బాపు కాలికి కట్టు నేనే కడత మేడం. దవాఖానల సిస్టర్ నేర్పింది," అన్నాను.

"ఏదీ, విప్పి చూపియ్."

చేతులు సబ్బుతో కడుక్కొని కట్టు విప్పాను. ఆమె నేలమీద కూర్చొని, పుండు అంచుల చుట్టూ నెమ్మదిగా నొక్కి చూసింది.

"వేళ్ళ సందుల్ల తుడుస్తున్నవా?"

"అవ్ మేడం. తడి ఉంటే పాసిపోతది."

"మొదటిసారి చూసినప్పుడు భయమైందా?"

"వాంతికొచ్చింది. బయటికి పోయి, మల్ల వచ్చి కట్టిన."

ఆమె నవ్వింది.

మూడు వారాలు ఏ కబురూ లేదు. ఆ మూడు వారాలూ నేను అమ్మతో సరిగా మాట్లాడలేదు. ఆమె నా అన్నం మూతపెట్టి, చెప్పకుండానే పనికి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం నర్సమ్మే ఫోను చేసింది. "నీకు వచ్చిందమ్మా. మీ ఇంటి మీద మా మీటింగ్‌ల పెద్ద పంచాయితే అయింది. సారు ఇల్లు బాగుందన్నడు. కుర్చీ వెనుక పెయింటుతోని వేరేటోళ్ళ పేరుంది, సూడలేదా అని నేనడిగిన."

సాయంత్రం అమ్మ ఆటో దిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను. సంగతి చెబితే కొంగుతో మెడ తుడుచుకుంటూ, "కాలేజికి ఎన్నడు పోవాలె?" అంది. అంతే. తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమె చేతిలో సంచి అందుకొని పక్కన నడిచాను.

ట్రస్టు నాలుగేళ్ళూ నా హాస్టలు, పుస్తకాలు చూసుకుంది. మొదటి ఏడాది అనాటమీ తప్పడంతో స్కాలర్‌షిప్ ఆపేస్తారేమోనని భయపడ్డాను. ఆపలేదు. నర్సమ్మ పాత పుస్తకమొకటి పంపి, రోజూ ఫోనులో ఎముకల పేర్లు అప్పజెప్పించుకుంది. రెండోసారి పాసయ్యాను. బాపు పుండు మానడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది.

ఇప్పుడు నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ట్రెయినింగుకొచ్చిన పిల్లలు మొదటిసారి పుండు చూసి మొహం తిప్పుకుంటే ఏమీ అనను. కాస్త బయటికి వెళ్ళి రమ్మంటాను. చాలామంది తిరిగి వస్తారు.