గురునాథరావు అన్నయ్య మూడు పాత్రలు

మా గురునాథరావు అన్నయ్యకి లోకంలో ఏదైనా మూడుకి మించి ఉంటే గిట్టేది కాదు.

హోటల్లో సర్వరు టిఫిన్ల పేర్లు ఏకరువు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "మూడు సెప్పు. నాలుగోది సెప్తే లేసి ఎల్లిపోతాను." బట్టల కొట్లో వదిన ముందు మూడు చీరలు పరిచాక, మిగతా బీరువాలకి వీపు ఆనించి నిలబడేవాడు. మా పాపకి పెట్టడానికి నేను గ్రాఫు కాగితం మీద నలభై ఒక్క పేర్లు రాసి, ఒక్కోదానికీ మార్కులు వేసుకుంటూ నిద్ర లేక తిరుగుతుంటే, ఆ కాగితం లాక్కుని మూడు పేర్లు మిగిల్చి తక్కినదంతా చింపేశాడు. నిజం చెప్పాలంటే ఆ రోజే నాకు నిద్ర పట్టింది.

ఇది 1984 నాటి మాట. అప్పుడాయన పోర్టులో గుమాస్తా. ఎవరో ఓడ మనిషి ఒక బుట్ట మామిడిపళ్ళు పుచ్చుకుని, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చిపోయాడు. అదొక ఊహల ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని ఆ కథలోకి దిగి, పాచికలు వేస్తూ గుహల్లో దూరి భూతాలతో కొట్లాడతారు. ఆదివారం మధ్యాహ్నాలు కంచరపాలెంలో ఆయన వరండాలో, వైకుంఠపాళి పాచికలతో ఆడేవాళ్ళం. అన్నయ్య కథ చెప్పేవాడు. ఆడేది పోర్టులో క్రేను నడిపే దాలయ్య, రైల్వేలో పనిచేసే అబ్బులు, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట సిమెంటు పరీక్షలు చేసే నేను.

పుస్తకంలో పాత్రలు బోలెడు. మాకు మాత్రం మూడే: కత్తివాడు, విలుకాడు, దొంగ.

"నాను మంత్రగాణ్ణవుతాను బావా," అనేవాడు అబ్బులు ప్రతి వారం.

"మంత్రగాడు లేడు."

"పుస్తకంలో ఉన్నాడు కదేటి!"

"పుస్తకంలో ఉంటాడు. నా వరండాలో ఉండడు."

"పోనీ, మరుగుజ్జు?"

"నువ్వున్నావు కదా, సాలు."

దాలయ్య నవ్వి, "నాకు విలుకాడే బాగుంది బావా," అనేవాడు. మూడు నెలల కిందట దూరిన గుహలో ఎడమ పక్క ఎన్ని తలుపులున్నాయో, నేను నోటుబుక్కు తిరగేసేలోపే చెప్పేసేవాడు.

నేను సైన్సు చదివినవాణ్ణి. కారణం లేని రూలు నాకు పడదు. అబ్బులూ నేనూ కలిసి, వచ్చే ఆదివారం మంత్రగాడి మీద ఓటు పెట్టాల్సిందేనని పట్టుబట్టాం. అన్నయ్య మొహం వాడిపోయింది. దాలయ్య మాత్రం, "ఆ వారం నాకు డ్యూటీ పడొచ్చు," అన్నాడు.

శనివారం మంత్రాలు చదువుకుందామని పుస్తకం కోసం వెళ్ళాను. అన్నయ్య ఇంట్లో లేడు. సూర్యకాంతమ్మ వదిన పుస్తకం ఇవ్వబోయి ఆగింది.

"మీరు రాకముందు, మొదటి వారం, దాలయ్యకే మంత్రగాణ్ణిచ్చినారు బాబూ. మంత్రాల కాయితం సేతికిస్తే, కళ్ళద్దాలు ఇంటికాడ మర్సిపోనానని లేసి ఎల్లిపోనాడు. మరి రాలేదు. ఈయనే ఎల్లి, మంత్రగాళ్ళని తీసీసినాను పద, అని తీసుకొచ్చినారు."

"దాలయ్యకి కళ్ళద్దాలున్నాయా?"

"ఏవీ? క్రేను మీద కూకుని సముద్రంలో సేపని సూత్తాడు."

పుస్తకం తీసుకుని ఇంటికొచ్చి తిరగేశాను. చదివి ఆడవలసిన ప్రతి పాత్ర మీదా పెన్సిలుతో అడ్డగీత ఉంది. గీత లేనివి మూడే. చెవులతో విని ఆడగలిగినవి.

రేపు ఓటు. ఆడే ముగ్గురిలో ఇద్దరం మేమే, గెలుస్తాం. మంత్రాల కాగితం అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. దాలయ్య మళ్ళీ కళ్ళద్దాలు మర్చిపోవలసి వస్తుంది.

ఆదివారం దాలయ్య వచ్చాడు గానీ, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను పాపని చంకనేసుకుని వెళ్ళి పుస్తకం అన్నయ్య ముందు పెట్టాను.

"ఓటు అక్కర్లేదన్నయ్యా. మంత్రాల పేజీలు మా పాప నమిలేసింది."

"అన్నీనా?" అన్నాడు అబ్బులు, తల పట్టుకుని.

"అన్నీ."

పూర్తిగా అబద్ధం కాదు. పాప ఒక మూల నమిలింది. ఆ ఇంకు విషమేమోనని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది నేను. మిగతా పేజీలు కోసి మా బీరువాలో దాచిందీ నేనే.

అన్నయ్య పుస్తకం తెరిచి, పేజీలు పోయినచోట మిగిలిన అంచుని వేలితో తడిమాడు. స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది. పది నెలల పిల్ల పళ్ళు అంత తిన్నగా కొరకవు. నా వైపు ఒకసారి చూసి పుస్తకం మూసేశాడు.

దాలయ్య చెప్పులు విప్పి లోపలికొచ్చి పాపని అందుకున్నాడు. "మరి ఈ తల్లికి ఏ పాత్ర బావా?"

అంటే నాలుగోది! అబ్బులూ నేనూ అన్నయ్య వైపు తిరిగాం.

"మంత్రగత్తె," అన్నాడు అన్నయ్య. "మంత్రాలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి కదా."

వెంటనే మా అందరికీ వేలు చూపించాడు.

"ఐదోది అడిగితే మాత్రం ఆట కట్టేస్తాను!"