మా నాన్న టిల్లర్, మా పెద్దబావ

మా పెద్దబావ పోయిన నెల సూర్యాపేట దవాఖానలో కన్నుమూశాడు. పొద్దున్నే అక్క ఫోన్ చేసి "మీ బావ పోయిండే" అంది. నేను కోదాడలో పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. స్టవ్ ఆపి, కట్టుకున్న చీరతోనే సూర్యాపేట బస్సెక్కాను.

బావ మిర్యాలగూడలో రైస్ మిల్లు ఫిట్టర్. మాటలు తక్కువ, వేళాకోళం ఎక్కువ. ఆయన గురించి గొప్పలు చెప్పనక్కర్లేదు. మా నాన్న టిల్లర్‌ని బాగుచేసిన సంగతి చెబితే మనిషి తెలిసిపోతాడు.

అది కూరగాయల తోట దున్నడానికి నాన్న కొన్న చిన్న యంత్రం. వెనక నడుస్తూ రెండు చేతులతో నడపాలి. నాన్న పోయాక ఎనిమిదేళ్లు మా ఇంటి రేకుల షెడ్డులో పడి ఉంది. కోళ్లు దాని కిందే గుడ్లు పెట్టేవి. మూడేళ్ల కిందట మా ఆయన పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టాడు.

"తుప్పు తప్ప ఏముంది దాంట్లో? తోట ఎవరు దున్నుతారు ఇప్పుడు?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను దున్నుతా" అన్నాను. ఆయన నవ్వాడు. వెంటనే బావకి ఫోన్ కొట్టాను.

ఆదివారం సంచి నిండా నట్లు విప్పే పానాలతో దిగాడు బావ. బండి చుట్టూ తిరిగి, చక్రం చేత్తో తిప్పి చూశాడు. "సావలేదు, పండుకున్నది. లేపుదాం" అన్నాడు.

గోనెసంచులు పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ పోయాడు. "ఈ వరుస చెడితే నా పని ఖతం. ఎవర్నీ ముట్టనియ్యకు తమ్మీ" అని మా ఆయనతో చెప్పాడట. ఆ మాట వంటింట్లో ఉన్న నా దాకా రాలేదు. భోంచేసి బావ కాస్త కునుకు తీశాడు. నేను షెడ్డులోకి వెళ్లి చూస్తే ఎక్కడ చూసినా మడ్డే. సాయం చేద్దామని డీజిల్ పోసి, అన్నీ తళతళలాడేలా రుద్ది, ఒకే టబ్బులో వేసేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

బావ లేచొచ్చి టబ్బులోంచి ఒక గేరు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరదలా, గివి అన్నం తినే గిన్నెలనుకున్నవా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. "ఏడ్వకు. జర చాయ్ పెట్టు. రెండు దినాల పని నాలుగైతది, గంతే."

నాలుగు ఆదివారాలు పట్టింది. ప్రతిసారీ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేవాడు. ఒకసారి బిగించి నడిపితే, ఎడమ బ్లేడ్లు కుడివైపు పడి, బండి మట్టి కోయకుండా కప్పలా గెంతింది. మళ్లీ మొత్తం విప్పాడు. విసుక్కోలేదు. మా అక్కకి నా తెలివి సంగతి చెప్పనూ లేదు. చెప్పి ఉంటే అక్క నన్ను ఇప్పటికీ ఏడిపించేది.

బండి లేచిన రోజు హ్యాండిల్ నా చేతికిచ్చి పక్కన నడిచాడు. "గుంజకు. అది పోతది, నువ్వు ఎంబడి పో." తోటంతా నేనే దున్నాను. గట్టు మీద నిలబడ్డ మా ఆయన, "బాగానే దున్నుతోంది అన్నయ్యా" అన్నాడు.

ఆ తర్వాత ఏ కొత్త చప్పుడొచ్చినా ఫోన్‌లో బావకి వినిపించేదాన్ని. "బెల్టు లూజైంది సూడు" అనేవాడు. అదే అయ్యుండేది.

దశదినకర్మ అయ్యాక కోదాడ వచ్చిన వారానికి టిల్లర్ గేర్ల దగ్గర పట్టేసింది. అలవాటుగా ఫోన్ తీశాను. బావ నంబరు దగ్గర ఆగిపోయాను. దవాఖానలో ఏడవనంత ఏడుపు అప్పుడొచ్చింది. ఇక దీన్ని ఎవరికి చూపించాలి? మా ఆయన పాత ఇనుము మాటెత్తలేదు. పానాలు తెచ్చి నా పక్కన పెట్టాడు.

భయపడుతూనే విప్పాను. మడ్డి తుడుస్తుంటే వేలికి గరుకుగా తగిలింది. గేరు అంచున సుత్తితో కొట్టిన సన్నని చుక్క. దాన్ని తాకి తిరిగే గేరు మీద ఇంకో చుక్క. తర్వాతి జతకు రెండేసి, ఆపై దానికి మూడేసి. బ్లేడ్ల మీదా, అవి కూర్చునే చోటా అంతే. ఎవరెంత కలగాపులగం చేసినా దేని జోడు దానికి దొరికేలా, ఆ ఆదివారాల్లో ఎప్పుడో, నాకు చెప్పకుండా కొట్టి పెట్టాడు.

చుక్కకు చుక్క కలుపుకుంటూ బిగించాను. ఆఖరి గేరు మీద మూడు చుక్కలున్న చోట నా బొటనవేలు కాసేపు అలాగే ఉండిపోయింది.