భూలక్ష్మి గ్రైండరు మీద పడ్డ నింద

మన్సూరాబాద్‌లోని ఆ కాలనీలో పొద్దున ఆరున్నరకు వెళితే భూలక్ష్మి ఇంట్లో ఇడ్లీపిండి దొరుకుతుంది. ఏడున్నరకు వెళితే దోసెపిండి మాత్రమే ఉంటుంది. ఎనిమిదికి వెళితే భూలక్ష్మి మాత్రమే ఉంటుంది, గిన్నెలు కడుగుతూ.

ఆమె పుట్టింది ఇబ్రహీంపట్నం పక్కన ఒక ఊళ్లో. ఇడ్లీ అంటే బస్టాండు హోటల్లో తినేదని పెళ్లయ్యేదాకా అనుకునేది. మూడేళ్ల కిందట రెండో అంతస్తులో ఉండే తెనాలి ఉదయలక్ష్మి తన మిక్సీ పాడైన రోజు గిన్నె పట్టుకుని కిందికి దిగి, "కాస్త పిండి వేసి పెడతారా?" అని అడిగింది. ఆ కాస్త పిండి పెరిగి పెరిగి రోజుకు పదిహేను కిలోలైంది. మిక్సీ తట్టుకోలేదని దిల్‌సుఖ్‌నగర్‌లో పాత సామాన్లు అమ్మే అంతయ్య దగ్గర పెద్ద గ్రైండరు కొన్నది. దసరాకు దానికి బొట్టు పెడుతుంది. అంతకుముందు వీధిలో ఆమెను "బస్సుల కౌంటర్ వీరేందర్ వాళ్లామె" అనేవారు. ఇప్పుడు వీరేందర్‌నే "పిండి భూలక్ష్మి వాళ్లాయన" అంటున్నారు.

వీరేందర్ ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ప్రైవేటు బస్సుల టికెట్లు బుక్ చేస్తాడు. ఆ పనిలో సగం అరవడమే. సూర్యాపేట, కోదాడ, విజయవాడ అని రోజంతా అరిచిన గొంతు ఇంటికొచ్చాక కూడా తగ్గదు. అందువల్ల మే మొదటి వారంలో వాళ్లింటికి కరెంటు బిల్లు ఎంతొచ్చిందో వీధి మొత్తానికి ఒకేసారి తెలిసింది.

"మూడు నూర్ల నలభై రెండు యూనిట్లు!"

సర్కారు పథకం కింద నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే సున్నా బిల్లు. ఏడాదిగా ఆ ఇంటికి వస్తున్నవన్నీ సున్నాలే కాబట్టి బిల్లును చదివే అలవాటు పోయింది. భూలక్ష్మి ఆ కాగితాల వెనక మరుసటి రోజు ఎవరికి ఎంత పిండి కావాలో రాసుకునేది. ఈసారి ముందువైపే చూడాల్సి వచ్చింది. రెండు వేల మూడు వందల చిల్లర.

"మనింట్ల ఏసీ ఉన్నదా? గీజరున్నదా? ఏమున్నది? నీ గ్రైండర్ ఉన్నది," అన్నాడు వీరేందర్.

"గ్రైండర్ మూడేండ్ల సంది ఉన్నది. గీ నెలనే దానికి ఆకలైందా?"

"పాతగైనకొద్ది కరెంటు ఎక్కువ గుంజుతది. మా కౌంటర్ల అందరు గదే అంటున్నరు."

"మీ కౌంటర్ల గ్రైండరున్నదా?"

జవాబు లేని చోట వీరేందర్ ఫోన్ తీస్తాడు. అప్పుడూ తీశాడు. గ్రైండరును మళ్లీ అంతయ్యకే అమ్మేస్తానన్నాడు. ఆదివారం ట్రాలీ ఆటోతో వస్తానని అంతయ్య మాటిచ్చాడు. ఆ రోజు మంగళవారం. భూలక్ష్మికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆమె ఏడవలేదు, అలగలేదు. బుధవారం సాయంత్రం మెట్ల కింద మీటరు ముందు నిలబడి అంకెలు ఫోన్‌లో ఫొటో తీసుకుంది. గురువారం గ్రైండరు వేయలేదు. గిన్నెలతో వచ్చినవాళ్లందరికీ దానికి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపింది. సాయంత్రం మళ్లీ ఫొటో తీసింది. పదకొండు యూనిట్లు. శుక్రవారం ఎప్పటిలాగే రెండు గంటలు గ్రైండరు వేసింది. పన్నెండు యూనిట్లు.

రాత్రి కూతురు శ్రీకళ పడుకున్నాక వీరేందర్‌కు అన్నం పెట్టి, పళ్లెం పక్కన ఫోన్ పెట్టింది.

"చూస్తున్నవా శ్రీకళ డాడీ? గ్రైండర్ తాగింది ఒక్క యూనిట్. మిగిలిన పదకొండు ఎవరు తాగిన్రు?"

వీరేందర్ ఫొటోలు అటూ ఇటూ జరిపి చూశాడు. తర్వాత ఫ్రిజ్ వైపు అనుమానంగా చూశాడు. లోపల తన మజ్జిగ సీసా ఉంది కాబట్టి దాన్ని ఏమీ అనలేదు.

"ఏమో. గా అంతయ్యకైతే మాటిచ్చిన," అన్నాడు.

ఆ పదకొండులో సగం ఎక్కడికి పోతున్నాయో శనివారం పిండికి వచ్చిన ఉదయలక్ష్మి తనకు తెలియకుండానే చెప్పింది.

"ఏవండీ భూలక్ష్మి గారూ, మధ్యాహ్నంపూట మోటారు వేసేది మీరేనా? రోజూ కరెంటు పోయి వస్తుందా, ఇక చూడండి, ట్యాంకు నిండిపోయి సాయంత్రందాకా పైపులోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. నాకు పైన నిద్రే పట్టట్లేదు."

"నేనెందుకేస్త అక్కా? మోటర్ పెట్టె తాళంచెవి ఓనర్ మొలతాడుకే ఉంటది గద."

అంటూనే భూలక్ష్మి చేతిలో గరిటె ఆగింది. బోరు మోటరు కనెక్షన్ ఉన్నది తన మీటరుకే. ఇల్లు కిరాయికి తీసుకున్నప్పుడే కుదిరిన మాట అది. మోటరు కరెంటు కింది పోర్షన్‌ది, అందుకని కిరాయిలో రెండు వందలు తక్కువ. పొద్దున అరగంట నడిచే మోటరుకు అంతకంటే ఎక్కువ ఏమవుతుందిలే అనుకున్నారు.

ఆమె ఇంటి వెనక్కి వెళ్లింది. మే ఎండకు కాలనీ అంతా నేల నెర్రెలు విచ్చింది. అక్కడ మాత్రం కాలు దిగబడింది. ట్యాంకు నిండితే నీళ్లు పోయే పైపు పైనుంచి దిగి నేరుగా బీరపాదు మొదలు దగ్గర ఆగింది. పాదు గోడ దాటి పక్కింటి కిటికీ దాకా పాకింది. ఆ కాయలు వారం వారం తన ఇంటికీ వస్తున్నాయి. పురుగుల మందు కొట్టనివని ఇంటి ఓనరు జంగయ్య ప్రతిసారీ చెప్పి మరీ ఇస్తాడు.

జంగయ్యది నాదర్‌గుల్. అక్కడి ఎయిర్‌స్ట్రిప్ శిక్షణ విమానాలు నెత్తి మీద తిరుగుతుంటే కింద వరిమడి దున్నిన మనిషి. భూమి ప్లాట్లుగా పోయి నాలుగేళ్లయినా చేతులకు ఆ సంగతి ఇంకా తెలియలేదు. మొదటి అంతస్తులో ఉంటాడు. భూలక్ష్మి పిలవగానే దిగివచ్చాడు.

"పెద్దనాయినా, జర ఆ మోటర్ పెట్టె తీసి చూపియ్యి."

పెట్టెలో స్విచ్ పక్కన ఒక పాత పచ్చరంగు డబ్బా బిగించి ఉంది.

"గిదేంది?"

"ఆటో స్టార్టర్ బిడ్డా. పొలంకాడ పశువుల తొట్టి మోటరుకు ఉండె. భూమినమ్మిన గని దీన్ని అమ్మబుద్ధి కాలె. ఉగాది తెల్లారి తెచ్చి ఈడ పెట్టిన. కరెంటు పోయి ఒచ్చిందనుకో, మనం ఉరుకుడు లేదు. దానంతట అదే షురూ అయితది."

"మరి దానంతట అదే బందైతదా?"

జంగయ్య డబ్బా వైపు చూశాడు. ఆ ప్రశ్న అతనికి కొత్త.

"నేను సాయంత్రం చాయ్ తాగి దిగినప్పుడు బంద్ చేస్తున్న గద. పొలంకాడ అసలు బంద్ చేసుడే లేకుండె బిడ్డా. కరెంటున్నంతసేపు నీళ్లు పారుతుండె, మనం సంబురపడుతుంటిమి."

"ఆడ సర్కార్ కరెంటు, పుక్యానికి ఒస్తది. ఈడ నా మీటర్."

"నీళ్లు దండుగ పోతలేవు గద! పాదుకు పెట్టిన," అన్నాడు జంగయ్య, కొంచెం తగ్గిన గొంతుతో.

"తెలుసు పెద్దనాయినా. నీ పాదు తాగింది, నా గ్రైండర్ మీదికొచ్చింది. రేపు దాన్ని అమ్ముతనని కూసున్నడు మా ఆయన."

జంగయ్య స్క్రూడ్రైవర్ కోసం పైకి వెళ్లాడు.

ఆదివారం పదకొండుకు అంతయ్య ట్రాలీ ఆటోలో రెండు తాళ్లు వేసుకుని వచ్చాడు. లోపల గ్రైండరు తిరుగుతోంది, కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ చప్పుడుతోనే. శనివారం రాత్రే సంగతంతా విన్న వీరేందర్ గడపలో నిలబడి కౌంటర్ గొంతుతో చెప్పాడు.

"అన్నా, గీ ట్రిప్పు క్యాన్సిల్!"

"దిల్‌సుఖ్‌నగర్ నుంచి డీజిల్ కాల్చుకుంట ఒచ్చిన. ఉత్త చేతులతోని పొమ్మంటవా?"

"ఉత్త చేతులెందుకు? పెద్దనాయిన కాడ ఒక డబ్బా ఉన్నది, జూడు," అంది భూలక్ష్మి లోపలినుంచి.

జంగయ్య స్టార్టరును అంగీ అంచుతో తుడుస్తూ వచ్చాడు. దాంట్లో రాగి ఎంతుందో, అది ఎన్ని వానాకాలాలు చూసిందో పది నిమిషాలు చెప్పాడు. అంతయ్య మూడు వందలిచ్చాడు. ఆటో కిరాయి కింద భూలక్ష్మి రెండు కిలోల దోసెపిండి ఇచ్చింది. ఇక మిగిలింది బిల్లు.

"సగం కిరాయిల పట్టుకోరి. మిగిలిన సగానికి బీరకాయలు తిన్నరు గద," అన్నాడు జంగయ్య.

"కిలో ఎంత పడ్డది పెద్దనాయినా?" అని భూలక్ష్మి అడిగింది. అతను వినిపించనట్టు పైకి వెళ్లి, కాసేపటికి దిగివచ్చి బిల్లు మొత్తం కిరాయిలో పట్టుకోమన్నాడు. పోతూ పోతూ మొలతాడు నుంచి మోటరు పెట్టె తాళంచెవి విప్పి ఆమె తలుపు పక్క మేకుకు తగిలించాడు.

జూన్‌లో నూట ఎనభై ఎనిమిది యూనిట్లు వచ్చాయి. ఆ అంకె కూడా వీరేందర్ గొంతు ద్వారానే వీధికి తెలిసింది.

నీళ్లు తగ్గేసరికి బీరపాదు గోడ అవతలి నుంచి వెనక్కి వచ్చింది. భూలక్ష్మి రోజూ గ్రైండరు కడిగిన నీళ్లు దానికి పోస్తోంది. వారానికి నాలుగు కాయలు కాస్తున్నాయి. అందులో రెండు కిందికి వస్తాయి. మందు కొట్టనివని జంగయ్య ఇప్పటికీ చెబుతాడు. కరెంటు మాట మాత్రం ఎత్తడు.