గౌన్ల గది ఎంత దూరం?

మా వెనకింటి అక్క పోయిందని మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ పోయింది మామయ్యా," అని, వెంటనే "డ్యూటీలో షీ డిడ్న్ట్ వేర్ ద గౌన్ అంటున్నారు హోమ్ వాళ్లు," అంది. చావు కబురు వెంటే నింద కూడా వచ్చేసింది. అప్పటినుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

అక్కది తెనాలి వైపు. ఇక్కడ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, పియారా వాటర్స్‌లో, మా పెరటి కంచెకు అవతలి ఇల్లు. ముసలివాళ్లను చూసుకునే ఏజ్‌డ్ కేర్ హోమ్‌లో పదిహేనేళ్లుగా నర్సు. డ్యూటీ బూట్లు ఏనాడూ గడప దాటనివ్వలేదు. గరాజ్ పక్క కొళాయి దగ్గర కడిగి, అక్కడే బోర్లించి, యూనిఫాం మార్చుకున్నాకే లోపలికి వెళ్లేది. ఆ మనిషికా నిర్లక్ష్యం?

అయితే ఆ నింద మొదట వేసినవాణ్ణి నేనే. కొన్నేళ్ల క్రితం, జబ్బు అంటకుండా చేతికిచ్చిన రక్షణ గౌను కూడా వేసుకోని ఇలాంటి హోమ్‌ల సిబ్బందిని ఏకిపారేస్తూ ఓ వెబ్ పత్రికలో వ్యాసం రాశాను. అక్క చదివింది. తిట్టలేదు. ఆ శనివారం మా పెరట్లో బార్బెక్యూకి ఓ కవరుతో వచ్చింది. అందులో గౌను, గ్లవుజులు, మాస్కు, కళ్లద్దాలు.

"వేసుకో తమ్ముడూ. నేను ఫోన్లో టైము పెడతా."

నేను ముందే గ్లవుజులు తొడిగేశాను. ఇక గౌను వెనక ముడి పడదే. కళ్లద్దాలకు ఆవిరి పట్టింది. అందరూ నవ్వుతున్నారు.

"ఎంతయిందక్కా?"

"టైముదేముందిలే. మంచం దిగబోయిన మా ముసలమ్మ ఎప్పుడో పడింది, తుంటి విరిగింది, అంబులెన్సు వచ్చి తీసుకెళ్లింది కూడా. నువ్వింకా ముడి దగ్గరే ఉన్నావు. ఇప్పుడు రాయి."

తర్వాత మాంసం ముక్కలు తిరగేస్తూ చెప్పింది: "గౌను చేతికందే చోటుండాలి. వేసుకునేదాకా ముసలాళ్లని ఇంకో మనిషి చూసుకోవాలి. ఈ రెండూ ఉంటే ఎవరు మానతారయ్యా?"

రెండో వ్యాసం నేను రాయలేదు. రాయాల్సింది.

ఈ చలికాలం వాళ్ల హోమ్‌లో మళ్లీ కోవిడ్ వచ్చింది. అంతకుముందే గది గదికీ బయట ఉండే గౌన్ల బండ్లను తీసేసి, వరండా చివరి స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. చూడవచ్చేవాళ్లకు ఆసుపత్రిలా కనబడుతోందట. తాళం మేనేజరు దగ్గర. బండ్లు తిరిగి పెట్టమని రెండుసార్లు అడిగానని అక్క కంచె మీదుగా నాతో అంది. ఓ సాయంత్రం కోవిడ్ వచ్చినాయన గదిలో పిలుపు గంట మోగింది. వెళ్లేసరికి పెద్దాయన సగం మంచం మీద, సగం గాల్లో. ముఖానికున్న మాస్కుతోనే వెళ్లి పట్టుకుంది.

కొన్నాళ్లకే అక్కకూ కోవిడ్ వచ్చింది. అది ఆ గదిలోనే అంటుకుందని నేను రుజువు చేయలేను. హోమ్ వాళ్లూ చేయలేరు. అయినా వాళ్ల విచారణ కాగితంలో "రక్షణ దుస్తులు ధరించలేదు" అన్న గడిలో టిక్కు పడింది. స్టోరు ఎంత దూరమో, తాళం ఎవరి జేబులో ఉందో రాసే గడి ఆ కాగితంలో లేదు. "రూల్ రూలే కదా" అనేవాళ్లు మీలోనూ ఉంటారు. సరే, ఆ రూలు పాటించే వీలు లేకుండా చేసినవాళ్ల పేరు ఏ గడిలో రాద్దాం? ఆ కాగితం మార్చేదాకా నేను ఉత్తరాలు రాస్తూనే ఉంటాను. అక్క వాళ్లమ్మాయికి మాటిచ్చాను.

అక్కకు ఒక అలవాటుండేది. మాస్కుతో వెళ్తే మతిమరుపు ముసలాళ్లు దొంగనుకుని జడుసుకుంటారని, ముందు గుమ్మం బయట నిలబడి ఒక్క క్షణం ముఖం చూపించేది. గుర్తుపట్టారనుకున్నాకే మాస్కు తొడిగి లోపలికి అడుగుపెట్టేది.

ఆసుపత్రిలో ఆఖరుసారి చూడ్డానికి వెళ్లినప్పుడు నేనూ అదే చేశాను. నా గౌను ముడి ఎవరో నర్సమ్మ వేసింది. తలుపు అద్దానికి ఇవతల నిలబడి మాస్కు కిందికి లాగాను. అక్క గుర్తుపట్టింది. నవ్వలేదు. ఆక్సిజన్ గొట్టం పక్కనుంచి చూపుడువేలు మెల్లగా పైకెత్తి, తన ముక్కు మీద రెండుసార్లు తట్టింది.

నేను మాస్కు పైకి లాక్కునేదాకా ఆ వేలు దించలేదు.